మూటలో కట్టిన రిజిస్టరు

ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం లేని మనిషికి ఉద్యోగం ఉన్నట్టు లెక్క కాదు. నేను పదిహేనేళ్ళుగా జావాలో ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్నాను. అయినా మా నిమ్‌పురా వీధిలో నన్ను ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు "ఇంట్లోనే ఉంటాది" అంటారు. కోల్‌కతా కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను కాబట్టి అది అబద్ధం కూడా కాదు. మా నాన్న సిక్‌లైన్‌లో ఫిట్టరుగా రిటైరయ్యాడు. సిక్‌లైన్ అంటే జబ్బుపడ్డ వ్యాగన్లను పక్కకు తెచ్చి బాగుచేసే చోటు. ఆయనకున్న గౌరవంలో పదో వంతు నాకు లేదు, ఎందుకంటే ఆయన బాగుచేసినవి అందరి కళ్ళముందూ కదిలి వెళ్ళేవి. నేను బాగుచేసినవి మళ్ళీ పాడైనప్పుడు గానీ ఎవరికీ కనబడవు.

మా కంపెనీలో వాడే జావా ఫ్రేమ్‌వర్క్ చాలా పాతది. పాతది అని మేం అనం, నిలకడైనది అంటాం. దాని గొప్పతనం ఏమిటంటే, అందులో ప్రతి పేజీకీ జ్ఞాపకశక్తి ఉంటుంది. మామూలు వెబ్ పేజీ మనం ఏదైనా నొక్కగానే మనల్ని మర్చిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి పరిచయం చేసుకోవాలి. మా పేజీ అలాంటిది కాదు. మూడు పేజీల దరఖాస్తులో రెండోది సగం నింపి లేచి వెళ్ళిపోయామనుకోండి, అవతల సర్వరు ఆ పేజీని అందులో రాసిన ప్రతి అక్షరంతో సహా మూట కట్టి డిస్కులో దాస్తుంది. మనం తిరిగొచ్చి నొక్కగానే మూట విప్పి, మధ్యలో ఏమీ జరగనట్టు ముందుకు సాగుతుంది. మధ్యలో ఏమీ జరగలేదని అది నిజంగానే నమ్ముతుంది కూడా.

ఇంకో ఏర్పాటు ఉంది, దాని పేరు డిపెండెన్సీ ఇంజెక్షన్. పేరు వింటే ఆసుపత్రి గుర్తొస్తుంది గానీ విషయం చిన్నదే. పేజీ పనిచేయడానికి ఏదో ఒకటి కావాలి, ఒక రిజిస్టరు అనుకోండి. దాన్ని పేజీ తనంతట తాను వెతుక్కోకూడదట. పెళ్ళికొడుకు చేతికి తాళి అందించినట్టు ఫ్రేమ్‌వర్క్ తెచ్చి దాని చేతిలో పెట్టాలట. ఈ రెండు గొప్ప ఏర్పాట్లూ కలిసే చోటే చిక్కు. పేజీని మూట కట్టేటప్పుడు దాని చేతిలో ఉన్నది కూడా మూటలోకి వెళ్ళిపోతుంది. అందుకని తెలిసినవాళ్ళు అసలు రిజిస్టరును పేజీ చేతికి ఇవ్వరు. బదులుగా ప్రాక్సీ అనే ఒక ఉత్త చేతుల మనిషిని నిలబెడతారు. ఆ మనిషి దగ్గర ఏమీ ఉండదు. అడిగినప్పుడల్లా వెళ్ళి అసలు రిజిస్టరులో చూసొచ్చి చెబుతుంది, అంతే దాని పని. మా కంపెనీలో ఈ ఏర్పాటు ఎవరో ఎప్పుడో చేసిపెట్టి వెళ్ళిపోయారు. నేను పదిహేనేళ్ళు దాని మీద హాయిగా కూర్చుని, అదంతా నా తెలివే అనుకున్నాను.

ఇలా తెలివి ముదిరి ఉన్న రోజుల్లో మా చర్చి సంఘ కార్యదర్శి గారు ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను మందిరం వరండాలో ఆపారు. ఆయన రిటైర్డ్ గార్డు. ఉద్యోగమంతా పచ్చజెండా ఊపిన చెయ్యి కాబట్టి ఏ ఆలోచన వచ్చినా ముందు ఊపేస్తారు, బండి ఎటు పోతుందో తర్వాత చూస్తారు. మన సమాధుల తోట రిజిస్టరును చెదలు తినేశాయని, దాన్ని కంప్యూటర్లో పెట్టేస్తే ఇక ఏ పురుగూ ముట్టదని ఆయన నమ్మకం. పురుగు ఈసారి నా రూపంలో వస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

సమాధుల తోటలో చోటు అయిపోవచ్చింది. అందుకని కమిటీ వాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. భర్త గానీ భార్య గానీ ఇప్పటికే అక్కడ ఉన్నవాళ్ళు, ఆ సమాధి పక్కన ఖాళీ ఉంటే దాన్ని తమ కోసం రాయించుకోవచ్చు. ముందు వచ్చినవాళ్ళకే చోటు. మిగిలినవాళ్ళందరికీ సాలువా రోడ్డులో కొత్త స్థలం. అక్కడికి ఇంతవరకూ ఎవరూ వెళ్ళలేదు, వెళ్ళాలని ఎవరికీ తొందరా లేదు.

మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. తోటలో ఆమెకు ఒక పక్క ప్రహరీ గోడ, రెండో పక్క ఒకే ఒక్క ఖాళీ. ఆ ఖాళీ కోసం నాన్న ఎవరితోనూ ఏమీ అనలేదు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక తోటకు వెళ్ళి, అమ్మ సమాధి మీద ఆకులు తీసి, ఆ ఖాళీలో మొలిచిన గడ్డి కూడా పీకి వచ్చేవాడు. ఇంట్లో మంచం కిందనైనా అంత శుభ్రం చూసుకోని మనిషి. ఆయనకు ఈ లోకంలో మిగిలిన కోరిక ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉందని నాకు తెలుసు. రిజిస్టరు పని ఒప్పుకోవడానికి అసలు కారణం కూడా అదే. సేవ అని పైకి చెప్పాను. కమిటీ వాళ్ళు నా సేవకు స్తోత్రం చెల్లించి, ప్రార్థన చేసి, చెదలు తిన్న పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు.

పని రెండు మధ్యాహ్నాల్లో అయిపోయింది. మూడు పేజీలు. మొదటిదాంట్లో పేరు, వివరాలు. రెండోదాంట్లో తోట పటం చూసి చోటు ఎంచుకోవడం. మూడోదాంట్లో ఖాయం చేయడం. పనిచేయించే ఫ్రేమ్‌వర్క్ అదే, కానీ కంపెనీ వాళ్ళ ఇంజెక్షన్ ఏర్పాటు ఇంటికి తెచ్చుకోకూడదు కదా, సొంతంగా నలభై వరుసల్లో రాసుకున్నాను. ఇంత చిన్నదానికి ప్రాక్సీలు, గీక్సీలు ఎందుకనుకుని రిజిస్టరును తిన్నగా పేజీ చేతిలో పెట్టాను. అప్పుడు జావా పాపం ఒక ఎర్ర అక్షరాల హెచ్చరిక ఇచ్చింది. ఈ రిజిస్టరును మూట కట్టడం కుదరదు, ఇది అందుకు తగినది కాదు అని. ఇంత చక్కగా, సమయానికి, ఉచితంగా చెప్పినవాళ్ళు నా జీవితంలో ఇంకెవరూ లేరు. నేనేం చేశాను? రిజిస్టరు తల మీద 'సీరియలైజబుల్' అని ఒక్క మాట రాసి దాని నోరు మూయించాను. ఆ మాటకు అర్థం, దీన్ని మూట కట్టవచ్చు, పూచీ నాది అని. ఎర్ర అక్షరాలు పోయాయి. వీపు తట్టుకుని టీ పెట్టుకున్నాను.

పైగా దయ ఒకటి. ముసలివాళ్ళు నెమ్మదిగా నింపుతారు, మధ్యలో కళ్ళజోడు వెతుక్కుంటారు, పిల్లల్ని అడుగుతారు అని, సగం నింపిన పేజీ వారం రోజులపాటు చెడకుండా ఉండేలా పెట్టాను. మామూలుగా అరగంట పెడతారు. నా జాలిగుండె వారం పెట్టింది.

మొదలుపెట్టిన సోమవారం నాడే నాన్న కూర్చున్నాడు. నన్ను నింపనివ్వలేదు. తన ఫోనులో తానే, ఒక్కో అక్షరం ఒక్కో రివెట్టు కొట్టినట్టు, మొదటి పేజీ నింపాడు. రెండో పేజీలో పటం వచ్చింది. అమ్మ పక్కన ఖాళీ గడి పచ్చగా ఉంది. దాన్ని నొక్కితే 'ఖాళీగా ఉంది, ముందుకు వెళ్ళండి' అని వచ్చింది. ముందుకు వెళ్ళు అన్నాను. నాన్న ఫోను జేబులో పెట్టుకుని లేచాడు.

"సూడకుండా ఫిట్ రాయకూడదమ్మా" అన్నాడు.

సిక్‌లైన్‌లో ముప్పై ఆరేళ్ళు చేసిన మనిషికి అది ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. వ్యాగన్ కిందకు స్వయంగా దూరి, చేత్తో తడిమి చూస్తే గానీ ఫిట్ అని సంతకం పెట్టేవాడు కాదు. వ్యాగన్ కార్డు సగం పొద్దున రాసి, బండి చూసొచ్చి, మిగతా సగం సాయంత్రం రాసేవాడు. ఇప్పుడు కూడా అంతే. తోటకు వెళ్ళి, టేపు పెట్టి కొలిచి, నిజంగానే ఖాళీ ఉందని చూసుకున్నాకే ఖాయం చేస్తానన్నాడు. ప్రపంచంలో ఇంకెక్కడైనా మనుషులు పచ్చ గడి చూసి నొక్కేస్తారు. మా వాళ్ళు గొయ్యి కొలిచి వచ్చి నొక్కుతారు. నా పరీక్షల్లో ఈ రకం మనిషిని నేను ఊహించలేదు, అదీ ఆ మనిషి చేతి అన్నం తిని పెరిగి.

ఆ రోజు సాయంత్రమే వాన పట్టుకుంది. మూడు రోజులు వదల్లేదు. రైలుకట్ట కింద దారిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. నాన్న గురువారం దాకా తోటకు వెళ్ళలేకపోయాడు. అప్పుడు వెళ్ళి, టేపు పెట్టి కొలిచి, సంతృప్తిగా తిరిగొచ్చి, జేబులోంచి ఫోను తీసి, సోమవారం నాటి రెండో పేజీని ముందుకు నొక్కాడు. మూడో పేజీలో ఖాయం నొక్కాడు. 'మీ చోటు ఖాయమైంది' అని వచ్చింది. ఆ కాగితం నాతో ప్రింటు తీయించి, గోల్‌బజార్‌కు పోయి లామినేషన్ చేయించి తెచ్చి, బైబిలులో పెట్టుకున్నాడు. ఆ పూట నాన్న రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నాకూ నా మీద నాకు చాలా గౌరవం కలిగింది.

శుక్రవారం కార్యదర్శి గారి ఫోను. బుధవారం చోటు రాయించుకున్న ఒకాయన చేతిలో కాగితం పట్టుకుని వచ్చాడట, పటంలో చూస్తే ఆయన పేరు లేదట. గార్డుగా ఉన్నప్పుడు కూడా తన బండిలోంచి ఒక్క రైలుపెట్టె తప్పిపోలేదని ఆయన బాధ. నేను ఇంటర్నెట్ సరిగా లేకపోయి ఉంటుందని చెప్పాను. మా వృత్తిలో మొదట చెప్పాల్సింది అదే.

తర్వాత కూర్చుని, ఎవరు ఎప్పుడు ఏం నొక్కారో రాసి ఉంచే లాగ్ తెరిచాను. తెరిచిన పది నిమిషాల్లో సంగతి అర్థమైంది. సోమవారం నాన్న లేచి వెళ్ళగానే సర్వరు ఆయన పేజీని మూట కట్టింది. పేజీతోపాటు దాని చేతిలోని రిజిస్టరు మొత్తాన్నీ, సోమవారం ఎలా ఉందో అలాగే, మూటలో కట్టింది. కట్టమని పూచీ రాసిచ్చింది నేనే కదా. గురువారం మూట విప్పాక ఆ పేజీ అసలు రిజిస్టరు వంక చూడనైనా చూడలేదు. తన మూటలోని సోమవారపు రిజిస్టరులోనే వెతికింది, చోటు ఖాళీ అంది, నాన్న పేరు రాసింది. ఆ తర్వాత బుద్ధిగా ఆ జాబితా మొత్తాన్నీ అసలు ఫైలు మీద రాసేసింది. అంటే మంగళ, బుధవారాల్లో రాయించుకున్న నలుగురు, ఆ నొక్కుడుకు మాయమయ్యారు.

నలుగురిలో ముగ్గురి చోట్లు వేరే మూలల్లో ఉన్నాయి, తిరిగి రాసేశాను. నాలుగో పేరు దగ్గర చెయ్యి ఆగింది. మంగళవారం పదకొండు గంటలకు, మా అమ్మ పక్కనున్న ఆ ఖాళీనే, ఒక పెద్దావిడ రాయించుకుంది. ఆ ఖాళీకి అవతలి పక్క ఉన్నది ఆవిడ భర్త సమాధి. పద్ధతి ప్రకారం ఆవిడకూ నాన్నకూ సమాన హక్కు, ముందు వచ్చింది ఆవిడ. నాన్న సోమవారం చూశాడు గానీ ఖాయం చేయలేదు. ఆవిడ వానలో తడుస్తూ వచ్చి, కార్యదర్శి గారి చేత ఒక్క విడతలో మూడు పేజీలూ నింపించి వెళ్ళిపోయింది. ప్రింటరు మొరాయిస్తే, అన్నీ కంప్యూటర్లో ఉంటాయి కదా కాగితమెందుకని ఆయనే పంపించేశారట.

ఆవిడ నాకు బాగా తెలుసు. రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసింది. స్త్రీల కూడికలో అమ్మ పక్కనే కూర్చుని, పాట ఆగిన చోటల్లా మాట మొదలుపెట్టేది. ప్రసంగం జరుగుతుంటే కూడా ఆపేది కాదు. ఇప్పుడు ఆవిడ దగ్గర కాగితం లేదు. ఫైల్లో పేరు లేదు. కార్యదర్శి గారికి ఎవరు ఏ గడి అడిగారో గుర్తుండదు. ఆవిడను వదిలేస్తే, ఆ మంగళవారం సంగతి లోకంలో తెలిసింది ఆ లాగ్‌కూ నాకూ మాత్రమే. లాగ్‌ను చెరిపేయడం ఒక్క ఆజ్ఞ పని. నా పదిహేనేళ్ళ అనుభవంలో ఏ తప్పూ నాకు ఇంత అనుకూలంగా కుదరలేదు. ఆ మధ్యాహ్నం అంతా నేను దాన్ని తప్పు అనుకోలేదు, దేవుడి చిత్తం అనుకోవడానికి చాలా కష్టపడ్డాను. చెరిపేద్దామనే అనుకున్నాను. దాచడం ఎందుకు.

నాన్న పెరటి వరండాలో కత్తిపీట ముందు కూర్చుని రూయి చేప తోముతున్నాడు. పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. చెప్పేద్దామని వెళ్ళానో, చెప్పకుండా ఉండటానికి ఆయన ముఖం చూసి ధైర్యం తెచ్చుకుందామని వెళ్ళానో ఇప్పటికీ తెలియదు. పేజీ అని, మూట అని మొదలుపెట్టాను. కంపెనీలో కొత్తవాళ్ళకు ఈ ముక్క అర్థం కావడానికి వారం పడుతుంది. నాన్న పొలుసు గీకుతూనే విన్నాడు.

"మా టూల్‌రూమ్‌లో ఇత్తడి బిళ్ళ ఇచ్చి పానా తీసుకునీవోలం. సందేళ పానా ఇచ్చీసి, బిళ్ళ మట్టుకు జేబులో ఏసుకుని ఇంటికొచ్చీవోలం. నీ పేజీ టూల్‌రూమ్‌నే సంచిలో ఏసుకుని ఎల్పోనాదన్నమాట" అన్నాడు.

అంతే, అదే ప్రాక్సీ, అదే నేను ఎగ్గొట్టింది. నాన్న ఈ మాట రెండు వారాల ముందు చెప్పి ఉంటే బావుండేది. నేను అడిగి ఉంటే చెప్పేవాడు కూడా. అడగాల్సినంత తెలివితక్కువదాన్ని కాదనుకున్నాను.

తర్వాత మంగళవారం సంగతి చెప్పాను. ఎవరు వచ్చారో చెప్పాను. నాన్న చేతిలో చేప అలాగే ఉండిపోయింది. ఎవరికీ తెలియదు నాన్నా అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

"ఆవిడ పోయిన్రోజు తెలుస్తాది. ఆవిడ కొడుకొచ్చి ఇక్కడ తవ్వండంటాడు. నాను అట్ట తీసి సూపించాలేటి?"

అట్ట అంటే లామినేషన్ కాగితం. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి, బైబిలులోంచి దాన్ని తీసి తెచ్చి నా ఒడిలో పెట్టాడు. నాకు ఏడుపు వచ్చింది. నేను పాడుచేసింది ఒక ఫైలు కాదు. ఆరేళ్ళుగా ఆదివారం ఆదివారం గడ్డి పీకిన మనిషిని ఒక్కరోజు సంతోషపెట్టి, మర్నాడు లాక్కున్నాను. పొరపాటైపోయింది, నన్ను తిట్టు అన్నాను. తిట్టలేదు. కత్తిపీట దగ్గరకు వెళ్ళి కూర్చుని, నా వంక చూడకుండా మాట్లాడాడు.

"పోనీలే. మీయమ్మకి కబుర్లు గావాల. అది బతికున్నప్పుడే నాను ఏటీ మాటాడినాను కాదు. డూటీకెల్లడం, తొంగోడం. ఆవిడైతే సెప్తాది."

సాయంత్రం లాప్‌టాప్ ముందు ఇద్దరం కూర్చున్నాం. నేను రాసిన గొప్ప ప్రోగ్రాంలో ఒకసారి ఖాయమైన పేరు తీసేసే వీలు పెట్టలేదు, ఖాయం అంటే ఖాయమే కదా అనుకుని. ఫైలు తెరిచి చేత్తోనే మార్చాలి. నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఆ వరుస చదివాడు. తన పేరు తీసేస్తుంటే చూస్తూ ఉన్నాడు. ఆ చోట ఆవిడ పేరు ఒక్కో అక్షరం రాస్తుంటే, ఇంటి పేరులో ఒక అక్షరం తప్పని దిద్దించాడు కూడా. రిజిస్టరును పేజీ చేతిలోంచి లాక్కుని ప్రాక్సీని పెట్టే పని అంతకు గంట ముందే అయిపోయింది. ఇరవై నిమిషాలు పట్టింది.

ఆ పైన సాలువా రోడ్డు కొత్త స్థలం పటం తెరవమన్నాడు. అన్ని గడులూ పచ్చగా ఉన్నాయి, ఒక్క పేరు లేదు. ఎక్కడ కావాలని అడిగాను. ఎక్కడైనా ఒకటేనన్నాడు. మొదటి గడిలో ఆయన పేరు రాశాను.

"ఇక్కడ ఎవులూ నేరు కదా" అన్నాడు.

లేరు నాన్నా, నువ్వే మొదట అన్నాను.

ఆ ఖాళీ గడులన్నిటినీ ఒకసారి చూశాడు. తర్వాత నా తల మీద చెయ్యి వేశాడు. చేప వాసన ఇంకా పోలేదు.

"ఒక్కడినే ఉంతాను, పర్లేదు. నువ్వు మట్టుకు బేగి రాకు."